గయానాకి వానాకాలంలో వెళ్తున్నారా? ప్లాన్ ఇలా వేసుకోండి

2024 జూన్ 27 రాత్రి మీరు టీవీ ముందే ఉండి ఉంటారు. టీ20 ప్రపంచకప్ సెమీఫైనల్, ఇంగ్లండ్‌తో. ఎనిమిదింటికి మొదలవ్వాల్సిన ఆట వాన వల్ల గంటకు పైగా ఆలస్యమైంది. మొదలయ్యాక ఎనిమిది ఓవర్లకే మళ్ళీ వాన. కవర్లు కప్పడం, తీయడం, మళ్ళీ కప్పడం, మన టెన్షన్. చివరికి 68 పరుగులతో గెలిచాం కాబట్టి ఆ వానని అందరం మర్చిపోయాం. ఆ గ్రౌండ్ పేరు ప్రావిడెన్స్. గయానా రాజధాని జార్జ్‌టౌన్ పక్కనే ఉంటుంది.

గయానా దక్షిణ అమెరికా ఉత్తరపు అంచున ఉన్న చిన్న దేశం. చిన్నదంటే మరీ చిన్నది కాదు, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కన్నా కొంచెం తక్కువ విస్తీర్ణం. జనం మాత్రం ఎనిమిది లక్షల చిల్లర. వాళ్ళలో ఎక్కువమంది సముద్రం పక్కన సన్నటి పట్టీ మీదే ఉంటారు. మిగతాదంతా అడవి, నదులు, గడ్డి మైదానం. ఇంగ్లీషు మాట్లాడతారు, రోడ్డుకి ఎడమవైపు నడుపుతారు, క్రికెట్ చూస్తారు. మనవాళ్ళకి ఆ ఖండంలో ఇంతకన్నా తేలికైన దేశం ఉండదు.

వానాకాలంలో వెళ్ళొద్దని చాలామంది చెప్తారు. నేను వెళ్ళమనే చెప్తాను. నా ట్రిప్పులో ఇబ్బంది పెట్టింది వాన కాదు, నేను వేసుకున్న షెడ్యూలు. ఒక్కరోజు కూడా ఖాళీ లేకుండా బిగించి వేసుకుంటే ఒక్క మబ్బు చాలు మొత్తం తారుమారు కావడానికి. అందుకే కింద చెప్పేవన్నీ వరసగా చదవండి, ముఖ్యంగా మూడోది.

1. ముందు నెల తేల్చుకోండి

కోస్తాలో ఏడాదికి రెండు వానాకాలాలు. పెద్దది మే నుంచి ఆగస్టు మధ్య దాకా, చిన్నది నవంబరు చివర్లో మొదలై జనవరి దాకా. మనకి నైరుతి, ఈశాన్యం అని రెండు ఉన్నట్టే అనిపిస్తుంది గానీ కారణం వేరు. భూమధ్యరేఖ దగ్గర తిరిగే మేఘాల పట్టీ ఒకటుంది. సూర్యుడి వెంట అది ఉత్తరానికి వెళ్తూ ఒకసారి తడుపుతుంది, దక్షిణానికి తిరిగొస్తూ ఇంకోసారి. దేశానికి దక్షిణాన ఉన్న రుపునూని మైదానానికి మాత్రం ఒకటే వానాకాలం, మే నుంచి ఆగస్టు దాకా. డిసెంబరులో జార్జ్‌టౌన్ తడిసి ముద్దవుతుంటే అక్కడ దుమ్ము లేస్తూ ఉంటుంది. కాబట్టి "గయానాలో వానలా?" అని కాదు, "గయానాలో ఏ మూల?" అని అడగాలి.

తుపానుల భయం పెట్టుకోకండి. కరీబియన్ దీవుల్ని చితక్కొట్టే హరికేన్ల దారికి గయానా బాగా దక్షిణంగా ఉంది. ఇక్కడ ముప్పు గాలితో కాదు, నిలిచిపోయే నీళ్ళతో. 2005 జనవరిలో, మళ్ళీ 2021 మే, జూన్‌లలో వచ్చిన వరదల్ని అక్కడ ఇప్పటికీ తలుచుకుంటారు.

మొదటిసారి వెళ్తుంటే జూలై చివరి వారం నుంచి ఆగస్టు మధ్య దాకా పెట్టుకోమంటాను. వాన తగ్గుముఖం పడుతుంది, నదుల్లో నీళ్ళు మాత్రం నిండుగానే ఉంటాయి. జలపాతం పూర్తి బలంతో చూడాలనే పట్టుదల ఉంటే జూన్. వాన కూడా పూర్తి బలంతోనే ఉంటుందని ఒప్పుకుని వెళ్ళండి.

2. పసుపు కార్డు ముందు, టికెట్ తర్వాత

దీన్ని చాలామంది ఆఖర్న చూసుకుంటారు, అక్కడే దెబ్బతింటారు. గయానా యెల్లో ఫీవర్ ఉన్న దేశాల జాబితాలో ఉంది. అక్కడి నుంచి తిరిగొచ్చేటప్పుడు యెల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్, అంటే పసుపు కార్డు, లేకపోతే మన దేశంలో దిగగానే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. వెళ్ళేటప్పుడు ఎవరూ అడగలేదు కదా అని ధీమాగా ఉంటే, సొంత ఊరికి వచ్చి ఇరుక్కుంటారు.

టీకా ఏ ప్రైవేటు ఆస్పత్రిలో పడితే అక్కడ వేయరు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. మిగతా కేంద్రాల జాబితా కేంద్ర ఆరోగ్య శాఖ దగ్గర దొరుకుతుంది. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకుంటేనే చెల్లుతుంది. ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం సరిపోతుంది. గుడ్డు పడనివాళ్ళు, అరవై దాటినవాళ్ళు, గర్భిణులు డాక్టర్ని అడగకుండా వెళ్ళొద్దు. పాస్‌పోర్ట్ నంబరు కార్డు మీద సరిగ్గా రాశారో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. ఇంటికొచ్చాక చూసుకుంటే మళ్ళీ తిరగాలి.

వీసా సంగతి ఢిల్లీలోని గయానా హైకమిషన్‌ని అడిగి తెలుసుకోండి. దాంతోపాటు దారి కూడా చూసుకోవాలి. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు. న్యూయార్క్, మయామీ, హ్యూస్టన్, టొరంటో, పనామా, లండన్, ఇలా ఏదో ఒకచోట మారాలి. అమెరికా మీదుగా అయితే ఎయిర్‌పోర్ట్ దాటి బయటికి రాకపోయినా వీసా ఉండాల్సిందే. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులకీ, అక్కడే ఉద్యోగం చేసేవాళ్ళకీ ఇది సులువు. న్యూయార్క్ నుంచి ఐదారు గంటల ప్రయాణం. మిగతావాళ్ళు టికెట్ చవకగా ఉందని కొనేసే ముందు ట్రాన్సిట్ నియమాలు చూడండి.

ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు, లోపలి ప్రాంతం నుంచి విమానంలో ఆస్పత్రికి తరలించే ఖర్చు కూడా కవర్ అవుతుందా అని ఒక్క ప్రశ్న అడగండి చాలు.

3. జలపాతాన్ని మొదటి రెండు రోజుల్లో పెట్టుకోండి

గయానాకి ఎందుకు వెళ్తున్నారని ఎవరైనా అడిగితే సగం మంది చెప్పే జవాబు కయెటూర్. పొటారో నది ఒక్క దూకుడులో 226 మీటర్లు కిందికి పడుతుంది. నయాగరా కన్నా నాలుగు రెట్లు పైనే ఎత్తు. ఎండాకాలంలో చూస్తే సన్నబడి ఉంటుంది. వానల్లో వంద మీటర్ల పైచిలుకు వెడల్పున, టీ డికాషన్ రంగులో, అంచు దగ్గర తేనెలా మెరుస్తూ పడుతుంది. ఆ రంగు బురద కాదు. అడవిలో కుళ్ళిన ఆకుల సారం నీళ్ళలో దిగి అలా అవుతుంది.

అక్కడికి చేరే మామూలు దారి చిన్న విమానం. జార్జ్‌టౌన్ శివార్లలోని ఓగల్ విమానాశ్రయం నుంచి దాదాపు గంట ప్రయాణం. పదిమందో పన్నెండుమందో పడతారు. ఎక్కే ముందు సామానుతో పాటు మిమ్మల్ని కూడా తూకం వేస్తారు, సిగ్గుపడకండి. పైలట్ కంటికి దారి కనిపిస్తేనే దిగుతాడు. జలపాతం పక్కనున్న రన్‌వే మీద మబ్బు కూర్చుంటే వెనక్కి తిప్పేస్తాడు. తగినంత మంది ఎక్కకపోయినా ఆ రోజు విమానం ఉండదు.

నేను చేసిన తప్పు వినండి. "చివర్లో పెడితే బాగుంటుంది, తీపి గుర్తుగా మిగులుతుంది" అనుకుని కయెటూర్‌ని తిరుగు ప్రయాణానికి ముందు రోజు పెట్టుకున్నాను. విమానం ఎక్కాం, అడవి మీదుగా ముప్పావుగంట వెళ్ళాం. కింద అంతా తెల్లటి దూది. పైలట్ రెండుసార్లు చుట్టూ తిరిగి చూశాడు, చెయ్యి అడ్డంగా ఊపాడు, వెనక్కి తిప్పాడు. మర్నాడు పొద్దున మళ్ళీ తీసుకెళ్తామన్నారు. నా తిరుగు విమానం మర్నాడు రాత్రికి ఉండబట్టి సరిపోయింది. మధ్యాహ్నానిదే అయ్యుంటే, ఇన్ని వేల కిలోమీటర్లు వెళ్ళి మబ్బు చూసి వచ్చానని చెప్పుకోవాల్సి వచ్చేది.

కాబట్టి ఇలా చేయండి. జార్జ్‌టౌన్‌లో దిగిన రెండో రోజుకే కయెటూర్ బుక్ చేసుకోండి. ఆ తర్వాత రెండు రోజులు నగరంలోనే ఉండేలా, ఎటు కావాలంటే అటు జరుపుకోగలిగే పనులు పెట్టుకోండి. విమానం రద్దయితే డబ్బు తిరిగిస్తారా, ఇంకో రోజుకి మారుస్తారా అనేది డబ్బు కట్టకముందే మెసేజ్‌లో రాయించుకోండి. నోటి మాట సరిపోదు.

అక్కడ దిగాక గైడ్ వెంట నడవాలి. మూడు చోట్ల నుంచి జలపాతం కనిపిస్తుంది. ఎక్కడా రెయిలింగ్ లేదు. రాయి తడిగా, నాచుతో ఉంటుంది. సెల్ఫీ కోసం అంచుకి వెళ్ళేవాళ్ళని గైడ్లు గట్టిగానే కేకలేస్తారు. దారిలో అనాస మొక్కలాంటివి, కానీ మనిషి కన్నా ఎత్తుగా పెరిగినవి కనిపిస్తాయి. అవి నిజంగానే అనాసకి చుట్టాలు. గైడ్ ఆగి, ఆకు మొదట్లో నిలిచిన నీళ్ళలోకి చూడమంటాడు. మొదట ఏమీ కనపడదు. కళ్ళు అలవాటు పడ్డాక, బొటనవేలి గోరంత బంగారు రంగు కప్ప ఒకటి, గొంతు ఎగరేస్తూ ఉంటుంది. ఇది కయెటూర్ చుట్టుపక్కలే బతుకుతుంది. దాని బతుకంతా ఆ ఆకు దొన్నెలో నిలిచిన వాననీళ్ళ మీదే. తాకొద్దు. ఫోటో తీసేటప్పుడు ఫ్లాష్ ఆపండి.

వాన ఉంటే లెన్స్ మీద చినుకులు పడుతూనే ఉంటాయి. పాత కాటన్ రుమాళ్ళు నాలుగు జేబులో పెట్టుకోండి, ఒకటి సరిపోదు.

4. బట్టలు: జీన్స్ ఇంట్లో వదిలేయండి

జీన్స్ ఒకసారి తడిస్తే ఆ తేమలో రెండు రోజులైనా ఆరవు. మూడో రోజుకి వాసన వస్తాయి. పల్చటి సింథటిక్ ప్యాంట్లు రెండు, పొడుగు చేతుల చొక్కాలు మూడు, అంతే. రాత్రి ఉతికితే పొద్దున్నకి ఆరేవే తీసుకెళ్ళండి. మన నేత తువ్వాలు రెండు పెట్టుకోండి. తుడుచుకోడానికి, తలకి చుట్టుకోడానికి, పడవలో కింద వేసుకోడానికి పనికొస్తాయి, గంటలో ఆరతాయి. ఆ లావు టర్కీ తువ్వాళ్ళు అక్కడ దండగ.

గొడుగు నగరంలో పనికొస్తుంది, సముద్రపు గట్టు మీద గాలికి తిరగబడుతుంది. అడవిలోకి రెయిన్‌కోట్ కన్నా పాంచో, అంటే తలమీంచి వేసుకునే వదులైన వాన ముసుగు, మేలు. బ్యాగుతో సహా కప్పేస్తుంది, లోపల ఉక్క తక్కువ. బ్యాగు మీద కవరు వేస్తే చాలనుకోకండి, నీళ్ళు వీపు వైపు నుంచి దిగుతాయి. బ్యాగు లోపల ఒక పెద్ద చెత్త కవరు పరిచి, సామానంతా అందులో పెట్టి మూతి ముడివేయండి. పాస్‌పోర్ట్, పసుపు కార్డు, ఫోను వేరువేరు జిప్ కవర్లలో.

చెప్పుల దగ్గర పొదుపు చేయొద్దు. రుపునూని వెళ్తే మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు కావాలి. వాటిని అక్కడ లాంగ్ బూట్స్ అంటారు. ఇక్కడి నుంచి మోసుకెళ్ళక్కర్లేదు, జార్జ్‌టౌన్ మార్కెట్లో దొరుకుతాయి. పాదం పెద్దదైతే మాత్రం ముందే కొనుక్కోండి.

ఏసీ గదిలోంచి కెమెరాతో నేరుగా బయటికొస్తే లెన్స్ లోపల ఆవిరి పడుతుంది. బ్యాగులోనే అరగంట ఉంచి అప్పుడు తీయండి. ఛార్జర్లు: నగరంలో ఎక్కువచోట్ల 110 వోల్టులు, అమెరికా తరహా చదును పిన్నులు. ఫోన్ ఛార్జర్ పనిచేస్తుంది, మీరు తీసుకెళ్ళిన ఎలక్ట్రిక్ కుక్కర్ పనిచేయదు. కరెంటు పోతుంటుంది, పవర్‌బ్యాంక్ ఉంచుకోండి.

5. జార్జ్‌టౌన్‌లో వాన ఒక్కటే కాదు, పోటు కూడా చూడండి

ఈ నగరం డచ్చివాళ్ళు గట్లు కట్టి, కాలవలు తవ్వి నిలబెట్టిన నేల మీద ఉంది. సముద్రానికి పోటు వచ్చినప్పుడు నీటి మట్టం నగరం కన్నా ఎత్తులో ఉంటుంది. మధ్యలో అడ్డుగా సీవాల్ అనే పొడుగాటి గోడ. ఊళ్ళో పడిన వాననీళ్ళు కాలవల్లోంచి వచ్చి, గట్టు దగ్గరున్న చెక్క తలుపుల తూముల గుండా సముద్రంలోకి పోవాలి. ఆ తూముల్ని కోకర్లు అంటారు. ఆటు సమయంలో తలుపు ఎత్తుతారు, పోటు సమయంలో దించేస్తారు. దించకపోతే సముద్రమే ఊళ్ళోకి వస్తుంది. కోనసీమలోనో దివిసీమలోనో లాకుల పక్కన పెరిగినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

దీంట్లోంచి మీకు పనికొచ్చేది ఏమిటంటే, పెద్ద వాన, పోటు ఒకేసారి వస్తే వీధులు మునుగుతాయి. అదే వాన ఆటు సమయంలో పడితే గంటలో లాగేస్తుంది. ఫోన్లో ఆటుపోట్ల యాప్ ఒకటి వేసుకుని, పోటు గంటలు చూసుకుని బయటికెళ్ళండి. విమానాశ్రయం నగరానికి 41 కిలోమీటర్ల దూరంలో టిమేరిలో ఉంది. మామూలుగా గంట ప్రయాణం. వాన, పోటు కలిసిన రోజున రెండున్నర గంటల ముందే కారు ఎక్కండి.

వీధిలో నీళ్ళు నిలిస్తే దిగి నడవొద్దు. రోడ్ల పక్కన లోతైన మురుగు కాలవలు మూతల్లేకుండా ఉంటాయి. నీళ్ళు నిండాక రోడ్డేదో కాలవేదో తెలీదు. తెలిసినట్టు నడిచి నడుం లోతులో పడినవాళ్ళున్నారు. ఇంకో సంగతి, ఆ నీళ్ళలో ఎలుకల మూత్రం కలిసి లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. 2005 వరద తర్వాత అది బాగా వ్యాపించింది. కాలి మీద చిన్న గాయం ఉన్నా చెప్పులతో ఆ నీళ్ళలోకి దిగకండి. దిగాల్సి వస్తే సబ్బుతో కడుక్కోండి, తిరిగొచ్చాక జ్వరం వస్తే ఎక్కడికెళ్ళొచ్చారో డాక్టర్‌కి చెప్పండి.

వాన ఆగేదాకా చూడటానికి చోట్లు ఉన్నాయి. సెయింట్ జార్జ్ కెథీడ్రల్ మొత్తం చెక్కతో కట్టిన పెద్ద చర్చి. బయట వాన దంచుతుంటే లోపల చెక్క వాసన, పైకప్పు మీద చప్పుడు. గడియారం గోపురం ఉన్న స్టాబ్రూక్ మార్కెట్ ఇనుప కట్టడం. అక్కడ జేబు జాగ్రత్త. చీకటి పడ్డాక ఆ చుట్టుపక్కల నడవొద్దు, టాక్సీ పిలవండి. నాకు నచ్చింది మాత్రం నేషనల్ పార్క్ చెరువు. గుప్పెడు గడ్డి పీకి నీళ్ళ మీద పట్టుకోండి. చినుకుల మధ్య నీళ్ళు కాస్త ఉబికి, ముడతలు పడ్డ బూడిదరంగు మూతి ఒకటి పైకి తేలుతుంది. మనాటీ, అంటే నీటి ఆవు. పై పెదవిని రెండు వేళ్ళలా కదుపుతూ గడ్డిని లాక్కుని, బుస్సుమని ఊపిరి వదిలి మునిగిపోతుంది. వాన దానికి ఏ అడ్డమూ కాదు.

మరో రోజు ఖాళీ ఉంటే తూర్పున గంట దూరంలో మహైకా నది మీద పడవ ఎక్కండి. జాతీయ పక్షి హోట్జిన్ కనిపిస్తుంది. ఆకులు తిని బతికే పక్షి, పిల్లలకి రెక్కల మీద గోళ్ళుంటాయి. రోత వాసన వేస్తుందట. నేను అంత దగ్గరికి పోలేదు.

6. లోపలికి వెళ్ళేదుంటే, రోడ్డా విమానమా?

జార్జ్‌టౌన్ నుంచి లిండెన్ దాకా తారు రోడ్డు. అది దాటాక బ్రెజిల్ సరిహద్దులోని లెథమ్ దాకా దాదాపు 450 కిలోమీటర్లు. కొంత మేర రోడ్డు బాగుచేసే పని నడుస్తోంది గానీ, అడవిలో ఎక్కువ భాగం ఎర్రమట్టి దారే. ఎండాకాలంలో రాత్రి బయల్దేరిన మినీబస్సు మర్నాడు మధ్యాహ్నానికి చేరుతుంది. వానల్లో ఎప్పుడు చేరుతుందని డ్రైవర్ని అడిగితే నవ్వుతాడు. గుంటల్లో లారీ ఒకటి కూరుకుపోతే వెనకాల అందరూ ఆగాలి. కురుపుకారి దగ్గర ఎసెకిబో నదిని బల్లకట్టు మీద దాటాలి, అది పగలే నడుస్తుంది. సాయంత్రం ఆరు దాటాక వెళ్తే ఆ రాత్రి ఒడ్డునే.

నా సలహా: వానాకాలంలో వెళ్ళేటప్పుడు విమానం, రోడ్డు మోజు ఉంటే ఎండాకాలంలో ఇంకోసారి. ఓగల్ నుంచి లెథమ్‌కి గంటన్నర లోపే. సామాను పరిమితి చాలా తక్కువ. పెద్ద పెట్టెని జార్జ్‌టౌన్ హోటల్లో వదిలేసి, చిన్న సంచితో వెళ్ళండి.

రుపునూని మైదానం వానల్లో వేరే దేశంలా ఉంటుంది. గడ్డినేల మీద నీళ్ళు పరుచుకుని, ఎసెకిబో వైపు పారే రుపునూని నది నీళ్ళూ, అమెజాన్ వైపు పారే తకుతు నది నీళ్ళూ కలిసిపోతాయి. చేపలు ఒక నదీ పరీవాహకం నుంచి ఇంకోదానిలోకి ఈదుకుంటూ పోతాయి. జీపు వెళ్ళిన దారిలో పడవ వెళ్తుంది. దీనికోసమే వానల్లో రమ్మంటారు కొందరు. కానీ జంతువులు కనపడటం కష్టం. నీళ్ళు అన్నిచోట్లా ఉన్నప్పుడు అవి ఒకే గుంట దగ్గరికి రావు కదా. జాగ్వార్ కోసం వెళ్తుంటే ఈ కాలం మీది కాదు.

సురామా, రేవా, కరనాంబు, ఇవోక్రామా, ఇలా ఉండటానికి చోట్లున్నాయి. ఇవోక్రామా దాదాపు 3.7 లక్షల హెక్టార్ల రక్షిత అడవి. చెట్ల కొమ్మల ఎత్తున వేలాడే వంతెన మీద నడవొచ్చు. బుక్ చేసే ముందు ఈ మూడు ప్రశ్నలు అడగండి: ఈ నెలలో మీ దగ్గరికి ఎలా చేరాలి? పడవైతే ఎన్ని గంటలు, ఖర్చు ఎవరిది? నీళ్ళు పెరిగి బయటికి రాలేకపోతే అదనపు రోజుకి ఎంత? సరిగ్గా జవాబు చెప్పేవాళ్ళ దగ్గరే దిగండి.

దోమలకి డీట్ ఉన్న క్రీము, మలేరియాకి డాక్టర్ రాసిచ్చిన మాత్రలు. లోపలి ప్రాంతాలకి ఇవి తప్పనిసరి. జార్జ్‌టౌన్‌లో మలేరియా కన్నా పగటి దోమతో వచ్చే డెంగీ భయం ఎక్కువ. నదుల పక్కన కబౌరా అనే చిన్న నల్ల ఈగ ఉంటుంది. కుట్టినప్పుడు తెలీదు. మర్నాడు చుక్క రక్తంతో దురద మొదలై వారం పాటు గోకిస్తుంది. చీలమండలు కప్పుకోండి.

7. నది మీద స్పీడ్‌బోటు ఎక్కేటప్పుడు

ఎసెకిబో నది మీద పరికా రేవు నుంచి బార్టికా పట్టణానికి స్పీడ్‌బోటులో గంట. రేవుని అక్కడ స్టెల్లింగ్ అంటారు, డచ్చి మాట. ముందు బెంచీ మీద కూర్చుంటే నడుం విరుగుతుంది, వెనక ఇంజను దగ్గర కూర్చోండి. లైఫ్ జాకెట్ ఇచ్చాక క్లిప్పులు పెట్టుకోండి. వాన మొదలవగానే ఎవరూ ఏమీ చెప్పరు. కింద మడతపెట్టిన బరకం పైకి వస్తుంది, అందరూ తలా ఒక అంచు పట్టుకుని నెత్తిమీద లాక్కుంటారు. మీ ముందు అంచు మీరే పట్టుకోవాలి. వదిలేస్తే గాలి దూరి మొత్తం ఎగిరి, పక్కావిడ ఒళ్ళో ఉన్న కేకు డబ్బాతో సహా తడుస్తుంది. ఆ చీకట్లో, మోకాళ్ళు మోకాళ్ళకి తగులుతూ, ఒకరి ఊపిరి ఒకరికి తగులుతూ అరగంట. బయట ఏముందో కనపడదు. నాతో మాట కలిపిన ముసలాయన మా ఊరెక్కడని అడిగి, విని, "మద్రాసీ!" అన్నాడు సంతోషంగా.

ఆ మాట వెనక కథ ఉంది. 1838 మే 5న మొదటి ఓడల్లో భారతీయ కూలీలు చెరుకు తోటల పనికి ఇక్కడికి వచ్చారు. 1917 దాకా దాదాపు 2,39,000 మంది వచ్చారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వచ్చిన భోజ్‌పురి ప్రాంతపు వాళ్ళు. మద్రాసు రేవు నుంచి వచ్చినవాళ్ళు తక్కువ. వాళ్ళలో తమిళులతో పాటు మనవాళ్ళూ ఉన్నారు, అందర్నీ కలిపి మద్రాసీలనే అన్నారు. భాష పోయింది, కాళీ గుళ్ళు మిగిలాయి. ఆ పూజల్లో వాయించే, మన డప్పు లాంటి వాయిద్యాన్ని ఇప్పటికీ "తప్పు" అనే అంటారు. మే 5 అక్కడ సెలవు రోజు. మే మొదట్లో వెళ్తే ఆ ఉత్సవాలు చూడొచ్చు, వానలు అప్పుడే మొదలవుతుంటాయి.

8. తిండి, డబ్బు

తిండికి లోటు లేదు. కూరగాయల బజారుకి వెళ్తే కాకరకాయని కరైలా, మునక్కాడని సైజన్, వంకాయని బైగన్, పొడుగు బొబ్బరకాయల్ని బోరా అంటారు. దాల్‌పూరీ, రోటీ, కూర ఎక్కడైనా దొరుకుతాయి. శాకాహారులు "మాంసం, చేప, గుడ్డు ఏదీ వద్దు" అని విడివిడిగా చెప్పండి. వెజిటేరియన్ అంటే చేప వేసేవాళ్ళున్నారు. ఏదైనా హిందువుల ఇంట్లో శుభకార్యానికి పిలిస్తే కాదనొద్దు. తామరాకులో అన్నం, ఏడు రకాల కూరలు పెడతారు, చేత్తో తినాలి. విరివిరి అనే చెర్రీపండంత మిరపకాయ కనిపిస్తే గుంటూరు వాళ్ళమని గొప్పకి పోయి నమలకండి.

కుళాయి నీళ్ళు తాగొద్దు, వానల్లో అసలే వద్దు. అమెరికన్ డాలరుకి దాదాపు 208 గయానా డాలర్లు. కార్డులు జార్జ్‌టౌన్‌లో నడుస్తాయి. లోపలికి వెళ్తే నగదే. దేశంలో చమురు బయటపడ్డాక హోటళ్ళ రేట్లు బాగా పెరిగాయి. ముందే బుక్ చేసుకోండి.

9. తిరుగు ప్రయాణం

ఆఖరి రెండు రాత్రులు జార్జ్‌టౌన్‌లోనే ఉండండి. లెథమ్ నుంచి పొద్దున విమానంలో వచ్చి అదే రోజు రాత్రి అంతర్జాతీయ విమానం ఎక్కే ప్లాన్ వానల్లో వేయొద్దు. బూట్లలో పాత పేపర్లు ఉండచుట్టి కుక్కండి, రాత్రికోసారి మార్చండి, రెండో రోజుకి ఆరతాయి. మట్టి మాత్రం ముందే కడగాలి, ఎండిన ఎర్రమట్టి బట్టలకి అంటితే వదలదు. పసుపు కార్డుని చెక్-ఇన్ సామానులో పెట్టకండి. మన దేశంలో మొదట దిగే విమానాశ్రయంలో, ఇమిగ్రేషన్‌కి ముందే హెల్త్ కౌంటర్ వాళ్ళు అడుగుతారు. అప్పటికి మీ పెట్టె ఇంకా బెల్టు మీదికి రాదు.